ఈసీ ఖాళీగా వస్తే ఇంటికి చిక్కులు లేనట్టేనా?

ప్రశ్న: మేమిద్దరం ప్రైవేటు ఉద్యోగులం. నగరంలో ఇల్లు కొనే స్తోమత లేక ఒక చిన్న ఊళ్లో పాత డాబా ఇల్లు చూసుకున్నాం. అమ్మే ఆయన తండ్రి కట్టించిన ఇల్లు అది. తండ్రి 2016లో, తల్లి అంతకు ముందే చనిపోయారు. ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లు ఇంకా తండ్రి పేరునే ఉన్నాయి. గ్రామకంఠం (ఊరి ఇళ్ల కోసం కేటాయించిన) స్థలం కాబట్టి దస్తావేజు లేదంటున్నారు. 30 ఏళ్లకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే లావాదేవీలేమీ లేవని వచ్చింది. ఆయనకు ఇద్దరు చెల్లెళ్లు. వారిలో ఒకరు 2019లో చనిపోయారు. ఆమెకు భర్త, 14 ఏళ్ల కూతురు ఉన్నారు. పెళ్లిళ్లు ఘనంగా చేశాం కాబట్టి వాళ్లకు వాటా లేదని ఆయన అంటున్నారు. నోటరీ అగ్రిమెంటు రాసుకుని, సొమ్ములో ముప్పావు వంతు ఇచ్చి ఈ నెలలోనే ఇంట్లో దిగమంటున్నారు. దిగవచ్చా?

జవాబు: ఈ అగ్రిమెంటును నమ్ముకుని ఆ ఇంట్లో దిగవద్దు. అలాగని ఇల్లే కొనడానికి పనికిరాదని నేను అనడం లేదు. ధర మీకు అందుబాటులో ఉండడానికి కాగితాలు సరిగా లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. వాటిని సరిచేయించే బాధ్యత, అందుకు పట్టే నెలలు అమ్మేవారి మీద ఉండాలే తప్ప, పైసా పైసా కూడబెట్టుకున్న మీ మీద పడకూడదు.

ముందుగా ఈసీ సంగతి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ ఆస్తిపై నమోదైన దస్తావేజుల పట్టికే ఈసీ. తండ్రి తెల్లకాగితం మీద రాసిపెట్టిన వీలునామా గానీ, అన్నాచెల్లెళ్ల మధ్య నోటిమాటగా జరిగిన పంపకం గానీ, కోర్టులో నడుస్తున్న దావా గానీ అందులోకి ఎక్కి ఉండకపోవచ్చు. మీకు వచ్చిన ఈసీ చెబుతున్నదల్లా, ఇచ్చిన వివరాల ప్రకారం ఆ ఇల్లు 30 ఏళ్లుగా రిజిస్ట్రేషను గడప తొక్కలేదని మాత్రమే. గ్రామకంఠంలో ఎన్నో ఇళ్లు ఒకే సర్వే నంబరులో ఉంటాయి కాబట్టి ఇంటి నంబరుతోనే వెతకాల్సి వస్తుంది. ఆ నంబరు మధ్యలో మారి ఉంటే పాత నంబరుతో మరోసారి ఈసీ తీయించండి. పన్ను రశీదులు స్వాధీనానికి ఆధారమవుతాయి గానీ వాటంతట అవే యాజమాన్య హక్కును రుజువు చేయవు. ఊళ్లలోని ఇళ్లను కొలిచి ఆస్తి కార్డులిచ్చేందుకు 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద ఆ ఊళ్లో డ్రోన్ సర్వే జరిగి ఉంటే, ఈ ఇంటికి ఎవరి పేరున కార్డు వచ్చిందో పంచాయతీలో అడగండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద ఉన్న నిషేధిత ఆస్తుల జాబితాను కూడా చూడండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన నివేశన స్థలమని తేలితే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అడ్డు వస్తుందేమో విడిగా పరిశీలించాలి.

అసలు చిక్కు వాటాల దగ్గర ఉంది. ఆ కుటుంబానికి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని, తండ్రి వీలునామా రాయలేదని, ఆ ఇంట్లో తండ్రి అన్నదమ్ములకు వాటా లేదని అనుకుని చెబుతున్నాను. అది తండ్రి స్వార్జితమైతే కొడుకుకూ, కూతుళ్లిద్దరికీ తలా మూడో వంతు వస్తుంది. పిత్రార్జితమైనా, 2005 సవరణ కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది కాబట్టి, లెక్క అక్కడికే చేరుతుంది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020లో స్పష్టం చేసింది. పెళ్లికి పెట్టిన ఖర్చు వాటాకు చెల్లు కాదు. చనిపోయిన చెల్లెలి మూడో వంతు ఆమె భర్తకూ కూతురికీ చెరిసగం అవుతుంది. అంటే మీకు అమ్మజూపుతున్న వ్యక్తికి ఉన్నది మూడో వంతే, ఆయన ఇవ్వగలిగిందీ అంతే. పైగా, పంపకం కాని కుటుంబ నివాస గృహంలో ఒకరి వాటా కొన్న బయటివారికి ఉమ్మడి స్వాధీనం కోరే హక్కు లేదని ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెబుతోంది.

బతికి ఉన్న చెల్లెలు, చనిపోయిన చెల్లెలి తరఫున ఆమె భర్త విక్రయ పత్రంలో అమ్మకందారులుగా సంతకం చేయాలి. సాక్షి సంతకాలు సరిపోవు. 14 ఏళ్ల అమ్మాయి విషయంలో మాత్రం తండ్రి సంతకం ఒక్కటే చాలదు. మైనరుకు చెందిన స్థిరాస్తిని సహజ సంరక్షకుడు అమ్మాలంటే 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందస్తు అనుమతి ఉండాలి. అమ్మకం అవసరమనో, ఆ పిల్లకు స్పష్టంగా మేలు చేస్తుందనో తృప్తి పడితేనే కోర్టు ఒప్పుకుంటుంది. అనుమతి లేకుండా కొంటే, ఆమెకు 18 ఏళ్లు నిండాక మూడేళ్ల లోపు ఆ అమ్మకాన్ని తన వాటా మేరకు రద్దు చేయించుకోవచ్చు. అంటే మరో ఏడేళ్ల వరకు మీ ఇంటి మీద ఒక దావా భయం ఉంటుంది. ఇది చట్టంలో దొర్లిన లొసుగు కాదు. తల్లి లేని పిల్ల ఆస్తికి చట్టం వేసిన కంచె. ఆమె వాటా సొమ్ము ఆమె పేరున బ్యాంకులో వేస్తామని పిటిషన్లోనే రాయిస్తే అనుమతి రావడం సులువవుతుంది.

ఇక అగ్రిమెంటు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. అమ్ముతామన్న ఒప్పందం దానంతట అది ఆస్తిలో ఏ హక్కునూ కల్పించదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ అంటోంది. అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)లతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అగ్రిమెంటు మీద స్వాధీనం తీసుకున్నవారికి అదే చట్టం 53ఎ సెక్షన్ ఇచ్చే రక్షణ కూడా 2001 సవరణ తరువాత ఆ అగ్రిమెంటు రిజిస్టరైతేనే దక్కుతుంది. కాబట్టి వయోజన వారసులందరూ సంతకం చేసిన, కోర్టు అనుమతి వచ్చాకే మిగతా సొమ్ము చెల్లించాలని, రాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలని రాసిన అగ్రిమెంటును రిజిస్టరు చేయించుకోండి. అడ్వాన్సు కొద్దిగానే, బ్యాంకు ద్వారానే ఇవ్వండి; స్థిరాస్తి అడ్వాన్సుగా 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. మిగిలినది సబ్ రిజిస్ట్రారు ఎదుట సంతకాలు పడ్డ రోజున ఇవ్వవచ్చు.

మీరు పంపిన అగ్రిమెంటు నకలులో తూర్పు హద్దు దగ్గర ‘ఖాళీ స్థలము’ అని మాత్రమే ఉంది. ఎవరి ఖాళీ స్థలమో రాయలేదు. అది పంచాయతీదో, పోరంబోకో, పొరుగువారిదో తేల్చి, టేపు పెట్టి నాలుగు వైపులా కొలిపించి, పొరుగువారి పేర్లతో హద్దులు రాయించండి. ఆ ఒక్క గీత దగ్గరే గోడ తగాదాలు మొదలవడం నా వృత్తిలో పదే పదే చూశాను.