తగాదా నిర్వచనం మీదా, ‘కొరత’ అన్న మాట మీదా?

పదిమంది కలిసి దిద్దుతున్న వ్యాసంలో ‘కొరత అనంతర ఆర్థిక వ్యవస్థ’కు (ఇంగ్లీషులో పోస్ట్ స్కేర్సిటీ ఎకానమీ) నిర్వచనం కుదరడం లేదని, రాత్రి ఒకరు రాసింది తెల్లారేసరికి మరొకరు చెరిపేస్తున్నారని, ఎవరిది సరైనదో ఎలా తేల్చాలని మీరు అడిగారు. ఇదే మాట మీద మేం ఏడుగురం రెండు నెలలు పోట్లాడుకున్నాం. ఎవరిది సరైనదన్నది పక్కన పెట్టండి. మీరంతా ఒకే సంగతి గురించి మాట్లాడుతున్నారో లేదో ముందు చూడండి.

నేను పాలకొల్లు దగ్గర ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. చుట్టుపక్కల అధ్యాపకులు కొందరు, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న మా పాత విద్యార్థులు ఇద్దరు, నేను కలిసి ఒక ఆర్థిక పదకోశం మొదలుపెట్టాం. అందరూ దిద్దగలిగే ఒకే ఫైలు. ద్రవ్యోల్బణం, ఉపాంత ప్రయోజనం లాంటివి ఒక్కో సాయంత్రంలో అయిపోయాయి. ఈ మాట దగ్గర బండి కూరుకుపోయింది.

మొదట ఒక మాస్టారు ‘కరువు తీరిన సమాజం’ అని రాశారు. డెల్టాలో పుట్టినవారికి అలా తోచడంలో వింత లేదు. 1833 నాటి డొక్కల కరువు, ఆ తర్వాత 1847లో కాటన్ మొదలుపెట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తికావడం మేం చిన్నప్పటి నుంచీ విన్న కథే. కానీ కరువు తీరడం వేరు, కొరత పోవడం వేరు. నేను చెరిపేశాను, ఆయన మళ్లీ పెట్టారు. తర్వాత మా విద్యార్థి దాన్ని ‘వస్తువులు ఉచితంగా దొరికే వ్యవస్థ’ అని మార్చి, 2023 జనవరి నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున ఉచితంగా ఇస్తున్న బియ్యాన్ని ఉదాహరణగా చూపాడు. ఆ బియ్యం వెనక ఊడ్పు కూలీల నడుములున్నాయి, ఎరువులున్నాయి, ఖజానా సొమ్ముంది. తీసుకునేవారికి ధర సున్నా అయినా ఖర్చు ఎక్కడికీ పోలేదు. అదీ చెరిపేశాను. అప్పుడు కోనసీమ మాస్టారు ఒకరు, ‘2011 ఖరీఫ్‌లో మా రైతులు పంట విరామం ప్రకటించింది ధాన్యం పండక కాదు, పండించినా గిట్టుబాటు కాక. సమృద్ధి వస్తే బాధ తీరుతుందని రాయడమే అబద్ధం’ అంటూ మొత్తం ఆరోపాన్నే, అంటే పదకోశంలో ఆ పదం కింద రాసినదంతా, తీసేశారు. వారం రోజులు ఆ పదం ఎదుట ఖాళీ. మా మధ్య ఫోన్లు కూడా లేవు.

వేసవి వచ్చింది. కాలువలు కట్టేసే ముందు ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకొనే రోజులు. ఆ కోనసీమ మాస్టారు మా స్టాఫ్ రూముకు వచ్చి టిన్ను నీళ్లు తాగుతూ, ‘గోదావరి పక్కన ఉండి ఇరవై లీటర్లకు డబ్బు పోస్తున్నాం. ఇంతకంటే కొరత ఏముంటుంది చెప్పండి’ అన్నారు. నాకు చటుక్కున వెలిగింది. ఆయన చెబుతున్నది అడిగినప్పుడు సరుకు దొరకకపోవడం. నేను నిత్యం పాఠంలో చెప్పేది ఆర్థికవేత్త రాబిన్స్ 1932లో ఇచ్చిన కొరత నిర్వచనం: కోరికలు అపరిమితం, సాధనాలు పరిమితం, వాటికి ప్రత్యామ్నాయ ఉపయోగాలు అనేకం. వీధిలో ఎన్ని టిన్నులున్నా ఆ అర్థంలో కొరత ఉన్నట్టే. ఈ రెంటికీ తెలుగులో మనం వాడుతున్నది ఒకే మాట. తరగతిలో కొరత అనగానే పిల్లలు ‘యూరియా’ అని అరుస్తారు, వాళ్ల తప్పు లేదు. ఇన్నేళ్లు పాఠం చెప్పి కూడా ఈ తేడాను నేను విడమరచి రాయలేదు.

ఆ సాయంత్రమే నిర్వచనం కంటే ముందు, కొరతకు ఉన్న ఆ రెండు అర్థాలను చెరో వాక్యంలో పెట్టాం. దాని కింద ఇలా రాశాం: ‘మనుషుల శ్రమ అతి తక్కువగా సరిపోయి, చాలా వస్తువులు దాదాపు ఖర్చు లేకుండా అందరికీ అందే ఊహా స్థితి. ఏ వస్తువుకూ ఏ కొరతా ఉండదని దీని అర్థం కాదు.’ చివరి వాక్యం కోసం నేను పట్టుబట్టాను. యంత్రాలు ఎన్ని వచ్చినా కాలువ గట్టున ఉన్న అరెకరం అరెకరమే కదా.

ఇది సాధ్యమా కాదా అన్న గొడవను నిర్వచనంలోంచి బయటికి తీసి, ఎవరి మాటను వారి పేరు మీదే పెట్టాం. వందేళ్లలో వారానికి పదిహేను గంటల పని చాలుతుందని 1930లో ఆర్థికవేత్త కీన్స్ ఊహించారు. అందుకు కావలసిన సాంకేతికత ఇప్పటికే అందుబాటులోకి వచ్చింది, అడ్డంకి సమాజ నిర్మాణంలోనే ఉందని 1970ల మొదట్లో అమెరికా రచయిత ముర్రే బుక్‌చిన్ వాదించారు. పంట విరామం గురించి మాస్టారు రాసింది ‘సమృద్ధి, పంపిణీ’ అన్న వేరే ఆరోపంలోకి వెళ్లింది. అక్కడ అది నిలిచింది, ఇంకా పెరిగింది కూడా.

మీ ఫైలులో పాత కూర్పులు భద్రంగానే ఉండి ఉంటాయి. కొన్నాళ్లు చెరపడం ఆపమని అందరినీ అడిగి, తీసేసిన వాక్యాలన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించండి. కొరత అన్న మాట వచ్చిన ప్రతిచోటా పక్కన ‘దొరకకపోవడం’ అనో ‘సాధనాల పరిమితి’ అనో రాయండి. ఏదో ఒకటి తేల్చుకోలేని వాక్యం కనిపిస్తే, దాన్ని రాసినవారికి ఫోను చేసి అడగండి.