తడిగుడ్డ గురించి ఇంకో రెండు పేజీలు

చిరంజీవికి,

విజయవాడ నుంచి ఆశీస్సులు. నేవీలో పనిచేసిన మీ నాన్నగారి మీద, ఆయన సంవత్సరీకం నాటికి పుస్తకం తేవాలని నువ్వు పంపిన నలభై రెండు పేజీలూ చదివాను. పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను. సెలవు మీద గుంటూరు బ్రాడీపేట ఇంటికి వచ్చిన రోజున ఆయన భోజనాల బల్ల మీది గుడ్డ తడిపి, పిండి, పరిచాకే కంచాలు పెట్టనిచ్చేవారని రాశావు. 'అదో చాదస్తం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ వెంటనే 'క్రమశిక్షణకు మారుపేరు, ధీరోదాత్తుడు, మహోన్నత వ్యక్తిత్వం' అంటూ పేజీ నింపావు. నాకు కోపం వచ్చింది. చాదస్తం కాదమ్మా అది. సముద్రం ఉధృతంగా ఉన్నప్పుడు ఓడ ఒరుగుతుంది, పొడిగుడ్డ మీద ప్లేటు జారి ఒళ్లో పడుతుంది. గుడ్డ తడిపితే ప్లేటు అడుగు దానికి పట్టుకుంటుంది. గుంటూరులో బల్ల ఒరగదని ఆయనకు తెలుసు, చేతులకే ఇంకా తెలియలేదు. ఆ గుడ్డ గురించి రెండు పేజీలు రాయాల్సింది పోయి అరపంక్తితో సరిపెట్టావు.

నేవీ మనిషి గురించి రాస్తామని వచ్చే ఎవరికైనా నేను ఒకటే చెప్తాను: ముందు ఆయన ఇంట్లో లేని రోజులు లెక్కపెట్టు. పెద్ద డ్రాయింగు షీటు తీసుకుని మూడు గళ్లు గియ్యి. మొదటి గడిలో నెల, సంవత్సరం. రెండో గడిలో ఆయన ఏ ఓడ మీద, ఏ ఊళ్లో ఉన్నారు. మూడో గడిలో ఆ నెల ఇంట్లో ఏం జరిగింది. రెండో గడి నింపడానికి పోస్టింగు ఆర్డర్లు దొరక్కపోతే మీ అన్నాచెల్లెళ్ల స్కూలు టీసీలు తియ్యి. నేవీ పిల్లలు బడి మారిన తేదీలు తండ్రి బదిలీలను చాలావరకు పట్టిస్తాయి. ఫోటోల వెనక స్టూడియో ముద్రలు చూడు. మూడో గడి అమ్మ నింపాలి. 'నాన్న ఎలాంటివారు?' అని అడక్కు, 'దేవుడమ్మా' అని ఊరుకుంటుంది. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడు పక్కన కూర్చుని, నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారు, ఆయనకు కబురు ఎన్నాళ్లకు అందింది, అద్దె ఇంటివాడితో ఎవరు మాట్లాడారు అని అడుగు. రెండో గడిలో ఓడ పేరు, మూడో గడిలో పురుడో చావో పడ్డ ప్రతి చోటా ఒక అధ్యాయం ఉంది. ఆయన్ని ఇంట్లో చూపించే అధ్యాయాలు వీటి తర్వాతే.

ఇక తప్పులు. ఇవి దిద్దకపోతే ఆయనతో పనిచేసినవాళ్లు మూడో పేజీలోనే పుస్తకం మూసేస్తారు.

'ఐఎన్‌ఎస్ శివాజీ డెక్ మీద తుఫానుతో పోరాడారు' అని రాశావు. శివాజీ ఓడ కాదు. లోనావాలా కొండల్లో ఉన్న నౌకాదళ ఇంజినీరింగు శిక్షణ కేంద్రం. తీరం మీది స్థావరాలకూ పేరు ముందు ఐఎన్‌ఎస్ అనే పెడతారు. విశాఖలోని సర్కార్స్, డేగా, శాతవాహన, జామ్‌నగర్‌లోని వల్సురా, కొచ్చిలోని వెందురుతి, అన్నీ నేల మీదివే. అయితే నీ పొరపాటులోనే ఒక సంగతి దొరికింది: ఆయన శివాజీలో ఉన్నారంటే ఇంజినీరింగు శాఖ అయ్యుండాలి. ఆరా తియ్యి. అదే నిజమైతే ఆయన తుఫానును డెక్ మీద చూసింది తక్కువ, ఇంజను గదిలో ఒంటితో పట్టుకున్నది ఎక్కువ. 1972లో నౌకాదళంలో చేరిన నీలగిరి అనే యుద్ధనౌక, దాని తర్వాత వచ్చిన అదే తరగతి ఫ్రిగేట్లు ఆవిరితో నడిచేవి. బాయిలర్ల వేడి, రోజంతా చెవిలో మోత. ఇంట్లో ఆయన గట్టిగా మాట్లాడేవారని ఇంకోచోట ఫిర్యాదు చేశావు కదా, ఆ రెండిటినీ కలిపి చూడు.

1966లో ఎళిమల అకాడమీలో చేరారన్నావు. అక్కడి నౌకాదళ అకాడమీ ప్రారంభమైంది 2009లో. ఆ రోజుల్లో చాలామంది ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ మీదుగా వెళ్లినవాళ్లే, ఆయన కాగితాలు చూడు. 'కెప్టెన్ నుంచి కమాండర్‌గా ఎదిగారు' అన్నది తలకిందులు. నేవీ కెప్టెన్ ఆర్మీ కర్నల్‌తో సమానం, కమాండర్‌కు పైన. భుజం మీద బంగారు పట్టీలు లెక్కపెట్టు: రెండుంటే లెఫ్టినెంట్, రెండిటి మధ్య సన్నది ఒకటుంటే లెఫ్టినెంట్ కమాండర్, మూడు కమాండర్, నాలుగు కెప్టెన్. తేదీ లేని ఫోటోలను కూడా ఈ పట్టీలతో వరస పెట్టుకోవచ్చు.

1971 యుద్ధంలో ఆయన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పుడు విశాఖలోనూ, కరాచీ దాడిలోనూ ఉన్నట్టు రాశావు. ఘాజీ మునిగింది డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకు. కరాచీ మీద క్షిపణులు పడ్డది 4వ తేదీ రాత్రి. ఒకే మనిషి రెండు సముద్రాల్లో ఉండలేడు. బీరువాలోని మెడల్స్ చూడు. పూర్వీ స్టార్ అయితే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ అయితే పడమర. రెండూ లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్యి. ఆయనకేమీ తక్కువ కాదు.

ఇలాంటి కల్పన రాయించేది మన ఆదివారం అనుబంధాలే. తండ్రి గురించి రాస్తే యుద్ధం కావాలంటారు, చివర స్ఫూర్తి కావాలంటారు. వాచ్ అన్న మాట కనపడితే కాపలా అని మార్చేస్తారు. అలా మార్చనివ్వకు. ఓడ మీద రోజు నాలుగేసి గంటల పని వంతులుగా, అంటే వాచ్‌లుగా నడుస్తుంది. సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్నదాన్ని మాత్రం రెండుగా చీల్చి డాగ్ వాచ్‌లంటారు. అప్పుడు రోజుకు ఏడు వాచ్‌లవుతాయి, ఒకే జట్టుకు రోజూ అర్ధరాత్రి వంతు పడదు. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉన్నది మిడిల్ వాచ్. దానికి ఎక్కేవాళ్లను పన్నెండుకు ముందే లేపుతారు. సెలవుల్లో నాన్న రాత్రి పదకొండున్నరకే లేచి వంటింట్లో దీపం వేసుకుని కూర్చునేవారని ఇరవై ఆరో పేజీలో రాసింది నువ్వే. నిద్రలేమి అనుకున్నావు.

ఉత్తరాల సంగతి. కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు (నౌకాదళం ఉత్తరాలు చూసే తపాలా కార్యాలయం) అని ఉన్నవాటిలో ఓడ ఎక్కడుందో కవరు చెప్పదు. ఓడ రేవుకొచ్చాక కట్టలుగా వచ్చేవి కాబట్టి పోస్టు ముద్ర చూసి కాకుండా లోపల ఆయన వేసిన తేదీ చూసి పేర్చు. మూలన వరస నంబరు ఉందేమో చూడు. తుప్పు పిన్నులు తీసెయ్యి, లామినేషన్ మాత్రం చేయించకు, మళ్లీ విడదీయలేవు. ఇన్‌లాండ్ మడతల మీద సిరా ముందు పోతుంది. ఈ నెలలోనే పగటి వెలుతురులో ఫోటోలు తీసిపెట్టుకో.

ముందుమాట ఎవరిచేత రాయించాలి, ఎన్ని కాపీలు వేయించాలి అని అడిగావు. అవి తర్వాత.

ముందు అమ్మనొక మాట అడుగు. రిటైరై ఇంటికి వచ్చేశాక ఆయన గుడ్డ తడపడం ఏ రోజున మానేశారు? మానేశారని మొదట గమనించింది ఎవరు? జవాబు వచ్చాక పదకొండో పేజీ ఒక్కటీ మళ్లీ రాసి పంపు.