మేనల్లుడికి, విత్తనాలు కొనే ముందు

చిరంజీవి నాయనకు అత్త ఆశీస్సులు.

విశాఖపట్నంలో ఉద్యోగం మానేసి ఊరికి వచ్చి వ్యవసాయం చేస్తానన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అన్నయ్య గొంతులో కోపం ఉంది. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. చీపురుపల్లి దగ్గర మా నాన్న దున్నిన భూమిలో మళ్లీ మన ఇంటివాడు దిగుతున్నాడంటే నాకు ఎంత గర్వమో నీకు తెలియదు. ఆ వెంటనే మీ నాన్న ఇంకో రెండు మాటలు చెప్పాడు. పల్లంలో అమ్మకానికి సన్న వడ్లు, ఎకరం మెట్టలో మొత్తం హైబ్రిడ్ మొక్కజొన్న వేస్తావట. కోడలికి నాలుగో నెల అట. ఈ రెండూ కలిపి విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు.

వరి గురించి పెద్దగా చెప్పేది లేదు. రాగోలు పరిశోధన కేంద్రం వారి శ్రీకాకుళం సన్నాలు వేసుకో, లేదా మీ చుట్టుపక్కల పొలాల్లో నలుగురికి కలిసొచ్చిన రకం వేసుకో. విత్తనం కొన్న రసీదూ, సంచి మీది చీటీ కోత దాకా దాచు. తడి గోనెలో 100 గింజలు పెట్టి చూడు, 80కి తక్కువ మొలిస్తే తిరిగి ఇచ్చెయ్యి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నేల తడి మీద మినుములు చల్లు. పల్లాకు తెగులును తట్టుకునే రకం అడిగి తీసుకో.

నా బెంగంతా మెట్ట గురించే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఇక్కడ ఆమదాలవలస దగ్గర మా అత్తవారి మెట్టలో చోళ్లు, అదే రాగులు, కందులు, ఉలవలు పండేవి. ఒక ఏడాది గోగునారకు మంచి ధర పలికింది. మరుసటి ఏడాది మా బావగారు మెట్టంతా గోగు వేయించారు. ఆయన ఆశపోతు మనిషి కాదు. ఆడపడుచు పెళ్లికి చేసిన అప్పు నెత్తి మీద ఉంది. "చేతిలో డబ్బుంటే చోళ్లు కొనుక్కోలేమా?" అన్నారు. వినడానికి సరైన మాటే. గోగు బాగానే పండింది కూడా. కట్టలు చెరువులో ఊరవేశారు, నార ఒలిచారు, బండి కట్టి తోలుకెళ్లి అమ్మారు. డబ్బు ఇల్లు చేరిన రోజే అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడ్డాడు. మిగిలింది ఎరువుల బాకీకీ ఇంటి కప్పుకీ పోయింది. కందిపప్పు కోసమని ఎవరూ ఒక నోటు పక్కన పెట్టలేదు.

చూడు నాయనా, పంట డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, పప్పు రోజూ కావాలి. గాదెలో చోళ్లు ఉన్నన్నాళ్లూ ఎవరినీ అడగకుండా కుంచంతో ముంచుకునేవాళ్లం. కొట్టులో కొనాల్సి వచ్చేసరికి మగవాళ్లను అడగాలి, కొత్త కోడళ్లకు అడగడానికి నోరు రాదు. పొద్దున్న చోడి అంబలి పోయి గంజి వచ్చింది, మధ్యాహ్నం పప్పు పోయి చారు వచ్చింది. బియ్యానికి లోటు లేదు, అందరి కడుపులూ నిండుతున్నాయి. అందుకే ఎవరికీ ఏమీ అనిపించలేదు.

రెండో ఏడాది మా తోడికోడలు కడుపుతో ఉంది. నాట్లలో అందరికంటే ముందుండే మనిషి, నుయ్యి నుంచి ఒక బిందె తెచ్చి అరుగు మీద కూలబడేది. ఒక రోజు ఆమె కింది కనురెప్ప లాగి చూశాను. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆసుపత్రికి తీసుకెళితే రక్తంలో హిమోగ్లోబిన్ 7 గ్రాములకు లోపే ఉందన్నారు. గర్భిణికి 11 ఉండాలి. రక్తం ఎక్కించారు. బిడ్డ బరువు తక్కువతో పుట్టాడు. ఇద్దరూ దక్కారు, అంతే చాలని దండం పెట్టుకున్నాం. కానీ ఆమె మళ్లీ మునుపటి మనిషి కాలేదు.

బావగారికి మాట పడిపోయినంత పనైంది. వచ్చే వానలకు చోళ్లు వేయమన్నారు. వేయడానికి ఇంట్లో విత్తనం ఏదీ? మా మామగారి నాటి నుంచి దాచుకుంటూ వచ్చిన విత్తనం, ఆఖరి కుంచం కూడా ఆ రెండేళ్లలో వండుకుని తినేశాం. ఊళ్లో అడుగుదామంటే ఊరంతా గోగే.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోకు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వీళ్లలో అన్నం తిననివాళ్లు ఎందరుంటారు చెప్పు?

మొక్కజొన్న వద్దని నేను అనను. నీకూ డబ్బు కావాలి. ఎకరంలో యాభై సెంట్లు మాత్రం చోడికి వదులు. విజయనగరం పరిశోధన కేంద్రం నుంచి 2020లో వేగావతి అనే రకం వచ్చింది, మన ఏటి పేరే పెట్టారు. కిలోకు 131 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుందట, మామూలు రకాల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఇక కాల్షియం ఏ చోళ్లలోనైనా 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో 10 దాటదు. నారు పోసి నాటితే నీ యాభై సెంట్లకు కిలోంబావు విత్తనం సరిపోతుంది. మధ్యమధ్య కంది సాళ్లు వేయి. పెరట్లో ములగ కొమ్మ ఒకటి పాతు.

సామలు, కొర్రలు కూడా వేస్తానంటావేమో, ఇప్పుడు అందరూ వాటి మాటే చెబుతున్నారు. మీకు దగ్గరలో పొట్టు తీసే మిల్లు ఉంటేనే వేయి. లేకపోతే ఎవరు దంచుతారు? కడుపుతో ఉన్న పిల్లా? చోళ్లకు ఆ బాధ లేదు, కడిగి ఆరబెట్టి పిండిమరకు పంపడమే.

హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఏటా కొనాల్సిందే. చోడి అలా కాదు, దాచుకున్న గింజ మరుసటి ఏడాదీ అదే పంట ఇస్తుంది. కోతకు ముందే చేనులోకి వెళ్లి, చేను మధ్యలో పడిపోకుండా నిలిచిన మొక్కల నుంచి, పిడికిలిలా ముడుచుకున్న బరువైన వెన్నులు ఏరు. వాటిని విడిగా ఆరబెట్టి, విడిగా నూర్చి, మూత బిగించిన డబ్బాలో పెట్టు. చోళ్లకు పురుగు పెద్దగా పట్టదు. ఎంత ఇబ్బంది వచ్చినా ఆ డబ్బా ముట్టుకోవద్దు. కందులు మాత్రం బాగా ఎండకపోతే పుచ్చిపోతాయి, జాగ్రత్త.

అంబలి తాగుతోంది కదా అని కోడలి చేత ఐరన్ మాత్రలు మాన్పించావంటే నేను ఊరుకోను. అన్నం తిన్న వెంటనే టీ తాగనివ్వకు, ఒంటికి ఇనుము పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకోమను.

ఇంతకీ ఏ విత్తనం వేయాలో కోడలిని అడిగావా? అడగలేదని నాకు తెలుసు, మన ఇళ్లలో ఎవరూ అడగరు. వండేది ఆమె, తినేవాళ్లు ఎందరో, ఏది ముందు అయిపోతుందో ఆమెకే తెలుసు. ఈ రాత్రి కూర్చుని అడుగు. కోప్పడుతున్నానని అనుకోకు నాయనా, నీ చేతులు ఇంకా పలుగు పట్టలేదని నాకు దిగులుగానే ఉంది. మొదటి వారం బొబ్బలు వస్తాయి, కొబ్బరినూనె రాసుకో.

మా పెరటి కంది విత్తనం రెండు కిలోలు వచ్చే ఆదివారం మీ మామయ్య చేత పంపుతున్నాను. వేగావతి విత్తనం దొరికిందో లేదో చెప్పు. ఫోను చేసినప్పుడు కోడలికి ఇవ్వు, దానితో మాట్లాడాల్సింది చాలా ఉంది.

ఇట్లు,
నీ అత్త