మనవడి పేరున ఫ్లాటు వద్దు

ప్రశ్న: టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకు ఆటిజం, 16 ఏళ్లు, పుట్టింది ఇక్కడే. వాడి పేరున యూటీఎంఏ ఖాతాలో (మైనర్ డబ్బును పెద్దవాళ్లు చూసుకునే ఖాతా) 38,000 డాలర్లున్నాయి. గుంటూరులో ఉన్న ఫ్లాటును మా నాన్నగారు మనవడికి గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేస్తానంటున్నారు. నేను ఇంటి మీద 80,000 డాలర్ల హెలాక్ (ఇంటి తాకట్టు మీద అప్పు) తీసుకుని, స్పెషల్ నీడ్స్ ట్రస్టులో (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ సాయం పోకుండా డబ్బు దాచే ట్రస్టు) వేసి షేర్లు కొందామనుకుంటున్నాను. నాకు 46. కంపెనీ ఇచ్చేది తప్ప వేరే లైఫ్ ఇన్సూరెన్స్ లేదు.

జవాబు: ముందు నాన్నగారికి ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ ఆపించండి. 18 నిండాక ఎస్ఎస్ఐకి (ఆదాయం, ఆస్తి తక్కువ ఉన్న వికలాంగులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) మీ జీతం చూడరు, బాబు పేరున ఏముందో చూస్తారు. హద్దు 2,000 డాలర్లు. అమ్ముకునే హక్కున్న ఫ్లాటు గుంటూరులో ఉన్నా ఆస్తి కిందే లెక్క. ఎస్ఎస్ఐ పోతే దాంతో వచ్చే మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య బీమా) కూడా చిక్కులో పడుతుంది. పిల్లాడి మీద ప్రేమతో మన ఇళ్లలో చేసే పొరపాటు ఇదే. పెద్దాయన వీలునామాలో ఫ్లాటు మీ పేరున రాస్తే చాలు, మీ వీలునామా మీ ఆస్తిని ట్రస్టుకు చేరుస్తుంది.

హెలాక్ మాట మరిచిపోండి. వడ్డీ రేటు మారుతూ పోయే అప్పుకు బాబు ఉంటున్న ఇంటినే తాకట్టు పెట్టి షేర్లు కొంటారా? ఉద్యోగం పోతే కిస్తీ ఎక్కణ్నుంచి తెస్తారు? ఇర్రివోకబుల్ (రద్దు చేసుకోలేని) ట్రస్టులో వేసిన డబ్బు మీ అవసరానికి వెనక్కి రాదు.

ట్రస్టు ఇప్పటికి దాదాపు ఖాళీగా ఉన్నా నష్టం లేదు. దాన్ని నింపాల్సింది ఇన్సూరెన్స్. కంపెనీ కవర్ ఉద్యోగంతోపాటే పోతుంది. ఇవాళ 20 ఏళ్ల టర్మ్ పాలసీ (ఆ గడువు వరకే ఉండే ఇన్సూరెన్స్) తీసుకుంటే మీకు 66 వచ్చేసరికి ముగుస్తుంది. అప్పటికి బాబుకు 36 ఏళ్లే. అందుకని సంపాదన ఉన్నన్నాళ్లకు ఇద్దరి మీదా టర్మ్ తీసుకోండి. బాబును చూసుకునే తల్లి మీద కూడా కచ్చితంగా ఉండాలి. దానికి తోడు ఇద్దరి పేరునా ఒక సర్వైవర్‌షిప్ పాలసీ పెట్టండి. ఇద్దరూ పోయాకే క్లెయిం వస్తుంది కాబట్టి, విడివిడిగా రెండు శాశ్వత పాలసీలు కొనేకంటే ప్రీమియం తక్కువ పడుతుంది. ట్రస్టుకు డబ్బు కావలసిందీ అప్పుడే. ఇన్సూరెన్స్, 401కె (కంపెనీ రిటైర్మెంట్ ఖాతా) బెనిఫిషియరీ ఫారాల్లో, అంటే మీ తర్వాత డబ్బు ఎవరికో రాసే ఫారాల్లో, భార్య తర్వాత బాబు పేరుంటే తీసేసి ట్రస్టు పేరు రాయండి. వీలునామాలో ఏమున్నా చెల్లేది ఆ ఫారమే.

ట్రస్టు పత్రంలో 'పోషణకు నెలనెలా ఇవ్వాలి' అన్న మాట ఉండకూడదు. ఎప్పుడు, ఎంత ఖర్చుపెట్టాలన్నది పూర్తిగా ట్రస్టీ (ట్రస్టు నడిపే వ్యక్తి) ఇష్టానికే వదలాలి. బాబు చేతికి నగదిస్తే ఎస్ఎస్ఐ దాదాపు అంతకంతా తగ్గుతుంది. థెరపిస్టుకు, ఫోన్ బిల్లుకు ట్రస్టీ నేరుగా కట్టాలి. అద్దె కడితే కొంత కోత పడుతుంది. తిండి ఖర్చుకు 2024 సెప్టెంబరు 30 నుంచి కోత లేదు.

యూటీఎంఏ డబ్బు మాత్రం ఈ ట్రస్టులో కలపకండి. అది బాబు సొంతం. కలిపితే వాడి తదనంతరం మెడికెయిడ్ తన ఖర్చు రాబట్టుకోవడానికి దారి దొరుకుతుంది. టెక్సాస్‌లో 21 ఏళ్లకు అది బాబు చేతికి వచ్చి లెక్కలో చేరుతుంది. ఆలోగా వాడి అవసరాలకు వాడండి, మిగిలింది ఏబుల్ ఖాతాకు (వైకల్యం ఉన్నవారి పేరున తెరిచే పొదుపు ఖాతా) మార్చండి. ఏడాదికి వేయగలిగే సొమ్ముకు హద్దుంది, 2025లో అది 19,000 డాలర్లు. నిల్వ లక్ష డాలర్లు దాటనంతవరకు ఎస్ఎస్ఐకి అడ్డు రాదు.

హెచ్‌సీఎస్ వెయివర్ (ఇంటి దగ్గరే సేవలందించే టెక్సాస్ మెడికెయిడ్ పథకం) నిరీక్షణ జాబితాలో బాబు పేరు లేకపోతే ఈ వారమే రాయించండి. అక్కడ నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది, లాయరు అపాయింట్‌మెంటు దొరికేదాకా ఆగొద్దు.