పూత ఆకులైపోయాక మందు కొడితే ఏం లాభం?

ప్రశ్న: బోరు కింద వేసవి నువ్వులు వేశాను. 45 రోజుల పైరు. కొన్ని మొక్కల తలలు గుబురెక్కి, పూలు పచ్చటి ఆకుల్లా మారాయి. కాయ పట్టలేదు. తెగులు మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు.
– ఒక రైతు, మైదుకూరు

జవాబు: అది వెర్రి తెగులు. బూజు జాతి తెగులు కాదు కాబట్టి మీరు కొట్టిన మందుకు లొంగదు. కారణం ఫైటోప్లాస్మా. ఇది కణానికి గోడ లేని ఒక రకం బ్యాక్టీరియా. మొక్కలో ఆహారం పారే నాళాల్లోనే కాపురం.

దాన్ని మోసుకొచ్చేది దీపపు పురుగు. రోగపు మొక్క రసం పీల్చిన వెంటనే అది తెగులును అంటించలేదు. బ్యాక్టీరియా పురుగు పేగుల్లోంచి లాలాజల గ్రంథులకు చేరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత మాత్రం బతికినన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. అంటిన మొక్కలో లక్షణాలు బయటపడటానికి మరికొన్ని వారాలు. కాబట్టి ఇప్పుడు పూతలో మీకు కనిపిస్తున్నది లేత పైరులో అంటిన రోగం. ఈ దశలో పురుగు మందు కొడితే చచ్చేది ఎక్కువగా తేనెటీగలే.

ఇప్పుడు చేయగలిగింది ఒకటే. వెర్రి మొక్కలను పొద్దున్నే, పురుగులు చురుగ్గా లేనప్పుడు పీకి, గోతాంలో వేసి, చేను బయట కాల్చేయండి. గట్టు మీద పడేస్తే మొక్క వాడిపోయేలోపు పురుగులు పక్క మొక్కలెక్కుతాయి. తెగులు సోకిన కొమ్మ మళ్లీ కాయ కాయదు, జాలిపడి వదలొద్దు.

వచ్చే పంటకు విత్తే ముందే గట్ల మీది వయ్యారిభామను తీసేయండి. శనగ, వంగల్లోనూ ఈ జాతి తెగుళ్లు ఉంటాయి, వాటి మోళ్లు, వెర్రి మొక్కలు పక్కన నిలవకూడదు. మొలిచిన 15–20 రోజులకు ఒకసారి, 30 రోజులకు, పూత రాకముందే, మరోసారి డైమిథోయేట్ 30% మందు లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున, ఆకుల అడుగు తడిసేలా సాయంత్రం కొట్టాలి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడితే మందు 400 మి.లీ. అవుతుంది. చుట్టుపక్కల వాళ్లు ముందూ వెనకా విత్తితే ముదురు చేను నుంచి లేత చేనుకు పురుగు వలస వస్తుంది. ఊరంతా ఒకే వారంలో విత్తగలిగితే సగం బాధ తీరుతుంది.

ప్రశ్న: వంగలో ఆకులు చిట్టివైపోయి, మొక్క చీపురులా తయారైంది. కొమ్మలు కత్తిరిస్తే మంచి చిగురు వస్తుందా?
– ఒక పాఠకురాలు, చేవెళ్ల

జవాబు: రాదు. ఇదీ ఫైటోప్లాస్మాయే, మోసేది మరో రకం దీపపు పురుగు. వేరు దాకా రోగం ఉన్నప్పుడు చిగురు కూడా చిట్టిగానే వస్తుంది. పీకేయండి.

ప్రశ్న: చీనీ చెట్లలో ఒక్కో కొమ్మ పసుపు తిరుగుతోంది. జింకు లోపమన్నారు. జింకు సల్ఫేటు లీటరుకు 5 గ్రాములు కలిపి రెండుసార్లు కొట్టినా మార్పు లేదు.
– ఒక రైతు, తాడిపత్రి

జవాబు: ఒక ముదురు ఆకు తీసుకుని, నడి ఈనెకు ఇరువైపులా ఒకే ఎత్తులో పెన్నుతో రెండు సున్నాలు చుట్టండి. రెండింట్లో రంగు ఒకేలా ఉంటే జింకు లోపం అనుకోవచ్చు. ఒకటి పచ్చగా, ఒకటి పసుపుగా ఉంటే గ్రీనింగ్ అనే బ్యాక్టీరియా తెగులును అనుమానించాలి. వంకర తిరిగిన కాయలు, లోపల నల్లబడిన తాలు గింజలు ఉంటే అనుమానం బలపడుతుంది. ఆకులో బ్యాక్టీరియా జన్యువును పట్టే పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్షతోనే ఖాయమవుతుంది. అంతకు ముందు చెట్టు కొట్టేయొద్దు.

ఈ బ్యాక్టీరియాను మోసేది సిల్లా అనే రసం పీల్చే చిన్న పురుగు. గుడ్లు లేత చిగుళ్లలోనే పెడుతుంది. అందుకే చిగురు సెంటీమీటరు పొడవున్నప్పుడే థయోమిథాక్సామ్ 25% గుళికలు లీటరు నీటికి 0.3 గ్రాములు కలిపి కొట్టాలి. ఆకులు ముదిరాక కొడితే వృథా. గట్టున కరివేపాకు ఉంటే దాన్నీ చూడండి, సిల్లాకు అది ఇష్టమైన విడిది. అనుమానం ఉన్న చెట్టు నుంచి అంటు మొగ్గలు మాత్రం తీయకండి, పురుగు లేకపోయినా తెగులు అంటు దారినే పోతుంది.