యుకులేలే కొనే ముందు సైజు తేల్చుకో

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన యుకులేలే ఫొటోలు చూశాను, గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం కదా. రంగు సంగతి తర్వాత చూద్దాం, ముందు సైజు తేల్చుకో. మొత్తం పొడవు అటూ ఇటూగా సోప్రానో 21 అంగుళాలు, కాన్సర్ట్ 23, టెనర్ 26, బారిటోన్ 30. అంగళ్లలో చెప్పేది ఈ లెక్కే. చేతికి తెలిసేది మాత్రం తీగ మోగే పొడవు, అంటే మెడ పైకొసన తీగ ఆనే నట్ నుంచి కింద తీగ ఆనే శాడిల్ దాకా. సోప్రానోకు అది 13.5 అంగుళాలు, కాన్సర్ట్‌కు 15, టెనర్‌కు 17. ఆ పొడవు తగ్గితే మెట్లు, అంటే మెడ మీది కమ్మీల మధ్య చోట్లు, ఇరుకవుతాయి, తీగ కూడా వదులుగా ఉంటుంది. వదులు తీగను కొత్తవాళ్లు తెలియకుండానే పక్కకు లాగేస్తారు, శ్రుతి పైకి పోతుంది. డి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు) పట్టి చూడు, రెండో మెట్టులోనే మూడు వేళ్లు ఇమడాలి. సోప్రానోలో అక్కడ చోటు 18 మిల్లీమీటర్లు, కాన్సర్ట్‌లో 20. ఆ కాస్త తేడాకే వేళ్లు ఒకదాన్నొకటి తొక్కుకోవు.

నువ్వు సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్నావు కాబట్టి, కీర్తనలు వాయించాలనే ఉంటుంది. ఇక్కడే సైజు తేడా బాగా తెలుస్తుంది. తీగలు జి, సి, ఇ, ఎ. నీ శ్రుతి 5 కదా, అంటే జి, ఇ తీగ మూడో మెట్టు నీకు షడ్జమం. గొంతుకంటే ఒక స్థాయి పైన పలుకుతుంది, ఫరవాలేదు. సి తీగ రెండో మెట్టులో మంద్ర పంచమం, ఎ తీగ పదో మెట్టులో తార షడ్జమం. 12 మెట్లే ఉన్న సోప్రానో తార రిషభంతోనే ఆగిపోతుంది. 15 మెట్లుంటే తార మధ్యమం దాకా వెళ్లొచ్చు. అందుకే కాన్సర్టే తీసుకో, మెట్లు 15కి తగ్గకుండా లెక్కపెట్టుకో. టెనర్ కూడా మంచిదే. వేళ్లు ఇంకా సాచాలి, అంతే. వీణలో లాగినట్టు గమకం మాత్రం ఏ సైజులోనూ రాదు, జారుడు బాగా వస్తుంది.

బారిటోన్ వద్దు. దాని తీగలు డి, జి, బి, ఇ. మామూలు యుకులేలే పాఠాల్లో ఉన్న వేళ్లు పెడితే వేరే కార్డులు మోగుతాయి. మీ తమ్ముడికైతే సోప్రానో సరిపోతుంది.

అంగట్లో శ్రుతి చేయించాక, తీగను పన్నెండో మెట్టు కమ్మీకి సరిగ్గా పైన నొక్కకుండా తాకి మీటు. వెంటనే అక్కడే నొక్కి మీటు. రెండూ శ్రుతి చూపే ట్యూనర్‌లో ఒకేలా చూపాలి. నొక్కినప్పుడు బాగా ఎక్కువ చూపిస్తే ఆ వాయిద్యం వదిలెయ్, పై మెట్లలో ఎప్పటికీ అపశ్రుతే. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ కమ్మీకీ మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు దాటితే వేళ్లు నొప్పి పుడతాయి. మెడ అంచు వెంబడి వేలు నడిపి చూడు, కమ్మీల కొసలు గీరుకోకూడదు.

మొదటిదానికి పలచటి పొరలు అతికించిన లామినేట్ చెక్క చాలు. తిరుపతి ఎండలకు పొరలు లేని సాలిడ్ చెక్క పగలకుండా కాపాడుకోవడం కష్టం. ఏదైనా సరే ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, బంక మెత్తబడి, కింద తీగలు కట్టే బ్రిడ్జి లేచిపోతుంది. స్టీలు తీగలు ఎవరిచ్చినా బిగించొద్దు, ఆ లాగుడుకు మెడ వంగుతుంది. కొత్త నైలాన్ తీగలు వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి, రోజూ నాలుగైదు సార్లు శ్రుతి చేసుకోవాల్సిందే. అది చూసి వాయిద్యం చెడిందనుకొని తిరిగి ఇచ్చేయకు.

మీ పెదనాన్న,
చిత్తూరు