అడుగు ఇసుక నల్లబడితే

ప్రశ్న: మా ఇంట్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం ఏడాదిగా ఉంది. అడుగున నాలుగంగుళాల ఇసుక పోశాం. ఈ మధ్య అద్దం పక్కన ఇసుకలో నల్లటి మచ్చలు కనబడితే పుల్లతో కలియబెట్టాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది, గంటలోపే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. ఇసుకంతా తీసేసి మైపాడు తీరపు ఇసుక కడిగి పోసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా

జవాబు: చేపలు ఇంకా పైనే ఉంటే ముందు గాలి పంపు వేగం పెంచి, నాలుగో వంతు నీరు మార్చండి. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

రొయ్యల చెరువుల మధ్య ఉండేవారు గనుక ఆ వాసన మీకు కొత్త కాకపోవచ్చు. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. మిగిలిన మేత, చేపల విసర్జితాలు ఇసుకలోకి దిగి కుళ్లేటప్పుడు అక్కడి ఆక్సిజన్ అయిపోతుంది, అప్పుడు సల్ఫేటును వాడుకొనే బాక్టీరియా విజృంభించి ఈ వాయువును వదులుతాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది కనుక వాటికి కొదవ లేదు. మంచినీటి తొట్టెల్లో ఇంత వాసన అరుదుగా రావడానికి కారణమూ ఇదే. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్, కదపనంతవరకు దానివల్ల పెద్ద ప్రమాదం లేదు.

అడుగు మట్టిని కదిలించడానికి రొయ్యల చెరువులో గొలుసు లాగే రైతు ఆ పని మొదటి నుంచీ చేస్తాడే తప్ప, అడుగు నల్లబడ్డాక రొయ్య ఉండగా ఒక్కసారిగా లాగడు. ఇసుక కలపడమూ అంతే: వారం వారం పైపొరను కదిలించే అలవాటైనా ఉండాలి, లేదా లోతు పొరను అసలు ముట్టకూడదు. మీరు ఏడాది ఆగి ఒకేరోజు కలిపారు.

ఇసుకంతా ఒకేసారి తీయకండి. నీటిని శుద్ధిచేసే బాక్టీరియాలో చాలా భాగం దాన్నే అంటిపెట్టుకొని ఉంటుంది. అడుగును నాలుగు భాగాలుగా అనుకొని, రెండు వారాలకొకసారి నీరు మార్చేటప్పుడు ఒక్కో భాగంలోని ఇసుకను పైపుతో బకెట్లోకి లాగేయండి. పైపు మూతి నల్లపొరలోనే ఉంచితే వాయువు తొట్టెలోకి కాక చాలావరకు బకెట్లోకే పోతుంది. చివరకు ఒకటిన్నర అంగుళం మందం మిగిలితే చాలు.

మైపాడు ఇసుకను నేను సిఫారసు చేయను. గుప్పెడు ఎండబెట్టి కాగితం మీద పోసి, కాగితం కింద అయస్కాంతాన్ని జరిపి చూడండి. నల్లటి రేణువులు దాని వెంట నడిస్తే, అవే రేపు పంపులోని అయస్కాంతానికి అంటుకుంటాయి, అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్షులో ఇరుక్కుని అద్దమంతా గీస్తాయి. కొత్త ఇసుక కావలసివస్తే దుకాణంలో దొరికే అరగొనైట్ అనే సున్నపు ఇసుకనే తీసుకొని, తేట నీరు వచ్చేవరకు కడిగి వాడండి.